బీరువా తాళంచెవి

కోట అనే ఊరి దగ్గరి హైస్కూల్లో నేను లెక్కలు చెబుతాను. లైబ్రరీ బాధ్యత కూడా నాదే. మూడేళ్లలో ఒక్క పుస్తకం పోలేదు, ఒక్క పేజీ చిరగలేదు. అన్నింటికీ అట్టలు వేసి, బీరువాలో పెట్టి, తాళంచెవిని మా చర్చి తాళాల గుత్తికే తగిలించుకున్నాను. రెండూ పరిశుద్ధ స్థలాలే కదా అనుకున్నాను.

ఈ శుభ్రత చూసే నన్ను నెల్లూరులో మూడు రోజుల శిక్షణకు ఎంపిక చేశారు. మండలంలోని స్కూలు లైబ్రరీల్లో మార్పు తేవలసిన వాళ్లకట. బయలుదేరే ముందు మోకరించి, "ప్రభువా, మా మండలంలో మూసి ఉన్న తలుపులన్నీ తెరువు" అని ప్రార్థించాను.

రెండో రోజు వేదిక ఎక్కి, పుస్తకం పిల్లల చేతిలో ఉండాలని గట్టిగా చెబుతుండగా ఫోన్ మోగింది. మా హెడ్మిస్ట్రెస్ స్వర్ణ గారు.

"క్రీస్తురాజు గారూ, బీరువా తాళంచెవి యాడ పెట్టినారు?"

జేబు తడిమాను. గుత్తి గలగల, ఫోన్లో మేడమ్ గొంతు మైకులో హాలంతా వినిపించాయి.

"నా దగ్గరే ఉండాది మేడమ్."

"మధ్యాహ్నం వెన్నెలకి మండల పోటీ గదా! చదివిన పుస్తకం గురించి మాట్లాడాల. బిడ్డ ఏడస్తా ఉంది."

తొమ్మిదో తరగతి వెన్నెల పోటీ కోసం ఆ పుస్తకాన్ని వారం కిందటే అడిగింది. నలిగిపోతుందని, పోటీ ముందు రోజు ఇస్తానన్నాను. పోటీ ముందు రోజు నేను ఇక్కడ, మార్పు గురించి నోట్సు రాసుకుంటున్నాను.

"ఇప్పుడే బస్సెక్కతా మేడమ్."

"మీరొచ్చేలోపల పోటీ అయిపోయి టీలు గూడా తాగేసుంటారు. ఓబులేసు స్క్రూడ్రైవర్ పట్టుకోనున్నాడు. తలుపు ఊడదీమంటారా?"

ఫోన్లో మేడమ్ వెనక నుంచి మా అటెండర్ ఓబులేసు గొంతు వినిపించింది. "సారు ఊ అనేదాకా ఎవురుంటారు మేడమ్? తలుపు మడతబందు ఒకటి ఊడదీసేసినా!"

"ఊ" అన్నాను. హాల్లో చప్పట్లు మోగాయి. నా ప్రసంగానికి వచ్చిన చప్పట్లు అవే.

నాలుగో రోజు స్కూలుకు వెళ్లాను. బీరువాకు తలుపులు లేవు. అరల్లో సగం ఖాళీ, పుస్తకాలు పిల్లలు పట్టుకెళ్లారు.

"పోటీలో మూడో ప్రైజొచ్చింది సార్," అంది వెన్నెల. "సగమే చదివినా, సగమే చెప్పినా. మిగతాది ఇంట్లో చదివినా." పుస్తకం చేతికిచ్చింది. అట్ట మీద చేపల పులుసు మరక. జేబురుమాలుతో ఒకసారి తుడిచి, అరలో పెట్టాను.

"తలుపులు బిగించేదా సార్?" అన్నాడు ఓబులేసు.

నేను చేసిన ప్రార్థనకు ప్రభువు జవాబిచ్చాడో, ఓబులేసు తొందరపడ్డాడో నాకు తెలియదు.

"వద్దులే," అన్నాను. "ముందు ఈ గుత్తిలోంచి ఆ తాళంచెవి తీయి. నా గోళ్లకు రావడంలేదు."