మట్టికి పంక్తిభేదమా

కాకినాడలోని ఓ ఇంజనీరింగ్ కాలేజీలో నాగదుర్గది విచిత్రమైన సంసారం. డాక్టరేటు చేసింది ఇనార్గానిక్ కెమిస్ట్రీలో, మనసు పడింది సివిల్ వాళ్ళ మట్టి చదువు, సాయిల్ మెకానిక్స్ మీద. కెమిస్ట్రీ వాళ్ళు ఆమెను చూసి "బురద మేడమ్ వచ్చారండోయ్" అనేవారు. సివిల్ వాళ్ళు ఆమె చేతిలోని సీసా చూసి పక్కకు తప్పుకునేవారు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదని గోదావరి జిల్లాలో పుట్టినదానికి తెలియక కాదు, తెలిసే పెట్టింది.

ఆమె చెప్పేది ఒక్కటే. నల్లరేగడి ఎండకు బీటలు తీస్తుంది, వానకు పొంగి పైనున్న రోడ్డును విరిచేస్తుంది. సున్నం కలిపితే దాని పొగరు అణుగుతుంది. కానీ ల్యాబులో గిన్నెడు మట్టిని చూపిస్తే నమ్మేదెవరు? చివరికి రోడ్ల ఇంజనీరు వీరబ్రహ్మం గారు, "నేల మీద చూపించండి మేడమ్. తేడా కనపడితే అరకిలోమీటరు రోడ్డు మీకిస్తాను" అన్నారు. ప్రిన్సిపాల్ గారు దానికో తోక తగిలించారు. తేడా కనపడకపోతే మట్టి మానేసి ఫస్టియర్ పిల్లలకు ప్రాక్టికల్స్ చేయించుకోవాలి.

1997 మాఘమాసంలో, ద్రాక్షారామం దగ్గర మేనత్త పాపాయమ్మ పెరట్లో నాగదుర్గ మంచం పట్టేంత గోతులు రెండు తవ్వించింది. ఒకదాన్లో సున్నం కలిపిన మట్టి, రెండోదాన్లో ఉత్త మట్టి నింపి, దిమ్మిస కొట్టించి రెండు దిమ్మలు చేసింది. వానలకు మొదటిది కదలకూడదు, రెండోది పూరీలా పొంగాలి. మిగిలిన సున్నం బస్తా పశువుల పాకలో పెట్టి కాకినాడ వెళ్ళిపోయింది.

పాపాయమ్మ గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆవిడ ఇంట్లో విస్తరి ముందు కూర్చున్నవాళ్ళు "చాలు" అంటే, ఆవిడకు ఎక్కడలేని చెవుడూ వచ్చేస్తుంది.

శ్రావణంలో వీరబ్రహ్మం గారు నేల ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ మిషనుతో దిగారు. వారం నుంచీ ముసురు. పాకలో నేల ఉబ్బింది, గడప రాయి లేచింది. దిమ్మలు మాత్రం బుద్ధిమంతుల్లా కదలకుండా ఉన్నాయి. రెండూ!

"ఏంటండీ మేడమ్, సున్నం వేసినా వేయకపోయినా ఒకటేగా?"

నాగదుర్గ రెండు దిమ్మల వంకా మార్చి మార్చి చూసింది. పదేళ్ళ పని పోయినట్టే. కానీ పాక నేల ఉబ్బినప్పుడు ఈ ఉత్త మట్టికేమైంది? గునపం తీసుకుని దాన్ని తవ్వింది. సున్నం తగిలితే గులాబీ రంగుకు తిరిగే మందు ఎప్పుడూ సంచిలోనే ఉంటుంది. నాలుగు చుక్కలు వేసింది. నల్లమట్టిలో పాత బీటల వెంట గులాబీ గీతలు తేలాయి.

"అత్తా! దీన్లో సున్నం ఎవరు పోశారు?"

పాపాయమ్మ వంటింట్లోంచి గరిటెతోనే వచ్చింది. "నేనేనే. ఎండల్లో అది నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే కడుపు తరుక్కుపోయిందనుకో. పక్కదానికి అంత పెట్టి దీన్ని పస్తుంచుతావా? పంక్తిభేదం పాపం కాదూ? ఆ మిగిలిన సున్నమే నీళ్ళల్లో కలిపి రోజూ బీటల్లో పోశాను. ఏం, తప్పా?"

నాగదుర్గకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వీరబ్రహ్మం గారు మాత్రం నవ్వలేదు. గులాబీ గీతల ముందు గొంతుక్కూర్చున్నారు.

"అంటే మేడమ్, రోడ్డంతా తవ్వక్కర్లేదా? ఎండాకాలం బీటల్లో సున్నం నీళ్ళు పోస్తే సరిపోద్దంటారా?"

"ఒక్క దిమ్మను చూసి చెప్పలేనండి. ఇంకా తేల్చాలి."

"తేల్చండి. మీ ప్రిన్సిపాల్ గారితో నేను మాట్లాడతాను. వచ్చే ఏడు తేడా కనపడితే రోడ్డు మీదే."

నాగదుర్గకు ఒళ్ళంతా తేలికైపోయింది. మట్టి దక్కింది. భోజనాల దగ్గర ఇంజనీరు గారు చాలు చాలని మొత్తుకున్నారు. పాపాయమ్మకు వినపడలేదు.

మరుసటి వేసవికి పెరట్లో మూడు కొత్త దిమ్మలు వెలిశాయి. ఒకటి సున్నం కలిపింది, ఒకటి బీటల్లో సున్నం నీళ్ళు పోసేది, మూడోది ఉత్తది. పాపాయమ్మ చూపు తిన్నగా మూడోదాని మీదికే వెళ్ళింది. ఈసారి నాగదుర్గ సిద్ధంగానే ఉంది.

"అత్తా, దానికి ఏకాదశి."

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ!" పాపాయమ్మ చెంపలేసుకుంది. "ఉపవాసం ఉన్నవాళ్ళకి పెడతానుటే? మరి పారణ ఎప్పుడు?"

"వానలకు అది పొంగాక. నీ చేత్తోనే పెడుదువుగాని."

ఆ వేసవంతా పాపాయమ్మ మూడోదాని దరిదాపులకు ఎవర్నీ రానివ్వలేదు. వానలు పడ్డాయి. రెండు దిమ్మలు కదల్లేదు, మూడోది పూరీలా పొంగింది. వీరబ్రహ్మం గారు లెవెల్ మిషనులోంచి తలెత్తి "రోడ్డు మీదే మేడమ్" అనగానే, నాగదుర్గ నలభై ఏళ్ళ వయసు మరిచిపోయి బురదలో గంతేసింది.

పాపాయమ్మ అప్పటికే సున్నం కలిపిన బకెట్టుతో మూడోదాని పక్కన నిలబడి ఉంది.