‘రాలేదు’ అనే మీట

ముప్పై పేర్లు వరసగా రాయాలి. ప్రతి పేరుకెదురుగా జూన్ మార్కు, ఫిబ్రవరి మార్కు వేయాలి. కూడాలి, భాగించాలి. ఎనిమిదో తరగతి ‘ఏ’ సెక్షన్ ఎంత ఎదిగిందో, బి సెక్షన్ ఎంత ఎదిగిందో పోల్చాలి. సాయంత్రం నాలుగింటికల్లా కంప్యూటర్‌లో ఎక్కించాలి. ఇంత పని పెట్టుకుని ఆ పొద్దున సువార్త టీచర్ నన్ను సంచిలోంచి తీసింది.

నేను ఒక క్యాలిక్యులేటర్‌ని. ఏ ఊళ్ళో ఎవరు బిగించారో తెలియదు. నాకు తెలివి వచ్చేసరికి నరసరావుపేటలో ఒక కొట్టు అద్దం వెనక ఉన్నాను. డిగ్రీలో గణాంకశాస్త్రం పరీక్ష కోసం సువార్త నన్ను కొనుక్కుంది. ఆ ఇంట్లో కాలేజీకి వెళ్ళింది ఆమే మొదలు. వాళ్ళమ్మ నన్ను చెవికి ఆనించుకుని, “ఇదేం ఫోనే, పలకదు!” అంది. నిజమే. మీట నొక్కితే జవాబిస్తాను. అడగనిది చెప్పే వీలు నాకు లేదు.

తర్వాత ఆమె ఒక హైస్కూల్లో కాంట్రాక్టు టీచరయింది. అక్కడ మార్కులొచ్చేవాళ్ళంతా ‘ఏ’ సెక్షన్, రానివాళ్ళు బి. బి పిల్లలకు రోజూ ఒక గంట అదనంగా లెక్కలు చెప్పడం ఆమె పని. ఎదుగుదలలో బి వెనకబడితే ఆ క్లాసు ఎత్తేస్తారు, దాంతో పాటే ఆమె ఉద్యోగమూ పోతుంది. యాభై మార్కులకు జూన్‌లో ‘ఏ’ సగటు 18, బి సగటు 11. ఫిబ్రవరిలో ‘ఏ’ 27కి చేరింది, అంటే తొమ్మిది పెరిగింది. బి సంగతి తేలాలి.

ఫిబ్రవరి అంటే మిరపకోతలు. బి లో పదిమంది ఆడపిల్లలు తల్లుల వెంట కోతకు పోయి పరీక్ష రాయలేదు.

“గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ తీసుకోట్లేదమ్మా. సున్నా కొట్టు,” అన్నారు హెడ్మాస్టర్ పున్నారావు గారు.

“రానోళ్ళకి సున్నా ఏందండీ? రాసి తప్పినట్టు అవుద్ది గదా!”

“పోనీ, ఆ పది పేర్లూ లేపేయ్. రాసినోళ్ళు ఇరవై మందేగా.”

సున్నాలతో నొక్కింది: 18.67. ఎనిమిది కూడా పెరగలేదు. ఇరవై మందితో నొక్కింది: 28.

“‘ఏ’ సెక్షన్‌నే దాటేశావు, ఇంకేం కావాలి?”

“దాటలేదండీ. రానోళ్ళలో ఎక్కువమంది బాగా వెనకబడ్డ పిల్లలు. వాళ్ళని తీసేస్తే ఎవరి సగటైనా పెరుగుద్ది.”

నా ఒంటి మీద ‘రాలేదు’ అనే మీట లేదు. వర్గమూలానికి కూడా మీట పెట్టిన మనుషులకు అది ఎందుకు తోచలేదో!

మిగిలిన ప్రశ్నపత్రాలనూ, నన్నూ తీసుకుని సువార్త ఆటో ఎక్కింది. చేలో కూలీల మేస్త్రి గొణిగాడు, “కోత మజ్జెన పరీక్షలేంది టీచరమ్మా?” పిల్లలు గట్టు మీద వరసగా కూర్చున్నారు. అదే పేపరు, అదే గంటన్నర. ఒక్క నిమిషం ఎక్కువ ఇవ్వలేదు.

“టీచర్, చేతులు మండుతున్నయ్. కళ్ళు తుడుచుకుంటే అయిపోయా!” అంది తిరుపతమ్మ.

“తుడుచుకోమాకే. రాయి.”

అక్కడే దిద్దింది. తిరుపతమ్మకు ముప్పై నాలుగు, పదిమందికీ కలిపి రెండు వందల పది. ముప్పై మందితో భాగించమంది. 25.67 చూపించాను. ‘ఏ’ సెక్షన్‌ను దాటలేదు కానీ, పెరుగుదల పద్నాలుగుకు పైనే. ఆమె నన్ను గుండెలకు హత్తుకుంది.

తిరిగొచ్చేసరికి నాలుగున్నర.

“సైటు మూసేశారమ్మా. నేనే సున్నాలు కొట్టి పంపా. నన్నేం చేయమంటావ్?” అన్నారు హెడ్మాస్టర్ గారు.

“రేపన్నా దిద్దమని అడగండి సార్,” అని పది పేపర్లూ, పైన నన్నూ ఆయన బల్ల మీద పెట్టి వెళ్ళింది. ఆయన అడగలేదు. అన్నీ కలిపి బీరువాలో పెట్టి తాళం వేశారు. క్లాసు ఎత్తేశాక ఆమె నా కోసం వచ్చింది. అప్పటికే నా వీపు మీద బడి సామాను నంబరు అంటించి ఉంది. “స్టాకు రిజిస్టర్లో ఎక్కిందమ్మా, తీయాలంటే పైనుంచి కాయితం కావాల,” అన్నారు.

నేను వెలుతురుతో నడిచే రకం; బీరువాలో వెలుతురు లేదు కాబట్టి నా అద్దం మీద అంకె లేదు. పేపర్లు నా కిందే ఉన్నాయి. నొక్కేవాళ్ళు లేక చెప్పలేకపోతున్నాను కనుక మిమ్మల్ని అడుగుతున్నాను. ఎక్కడైనా ఒక నివేదికలో ఎనిమిదో తరగతి బి సెక్షన్, లెక్కలు, సగటు 18.67 అని కనబడితే, దయచేసి తిరుపతమ్మను తలుచుకోండి. ఆ పిల్లకు వచ్చింది ముప్పై నాలుగు.