ఫోల్డరు పేరు కళ

"కళా, తువ్వాలెక్కడెట్టావ్?" అని బాత్రూమ్‌లోంచి మా ఆయన పైడిబాబు అడిగారు. తువ్వాలు ఆయన వీపు వెనకే, తలుపుకున్న మేకుకి వేలాడుతోంది. పదకొండేళ్లుగా అక్కడే వేలాడుతోంది. మేకు కొట్టింది కూడా ఆయనే. వంటింట్లోంచి వెళ్లి, తలుపు సందులో చెయ్యి పెట్టి తీసిచ్చాను. "థాంక్స్" అన్నారు. చదువుకున్న కుటుంబం మాది.

మేముండే దీవిలో వండూర్ జెట్టీ నుంచి టూరిస్టుల్ని పడవల్లో తిప్పే కంపెనీకి జంగ్లీఘాట్‌లో ఆఫీసుంది. ఏ పడవలో ఎంతమంది ఎక్కారో నెలనెలా రిపోర్టు తయారుచేయడం నా పని. సాఫ్ట్‌వేర్‌లో ఒక బటన్ నొక్కితే పద్నాలుగు ఎక్సెల్ ఫైళ్లు కలిసి రంగురంగుల బొమ్మలవుతాయి. కాకపోతే ఆ ఫైళ్లు ఎక్కడున్నాయో చెప్పే చిరునామాలో, పద్నాలుగు చోట్లా, నా ఫోల్డరు పేరే రాసి ఉంది. కళ అని. నా ల్యాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు. మొదట్లో అది నా గొప్పతనం అనుకునేదాన్ని.

పోయినేడు సోంపేటలో, అన్నయ్య ఇంట్లో అమ్మ పోయింది. పదకొండో రోజు పిండం పెట్టే వేళకి మేనేజర్ గోపినాథ్ గారి ఫోన్. రిపోర్టు తెరుచుకోవడం లేదట. "పాంచ్ మినిట్ కా కామ్ మేడమ్. ఎలాగూ ఖాళీగానే కూర్చునుంటారు కదా" అన్నారు. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్నాను. అది అయ్యేసరికి మా ఆయన ఫోన్. గ్యాస్ ఓటీపీ నా నంబరుకొచ్చిందట, చదివి చెప్పమన్నారు. నేను ఇటు తిరిగేసరికి కాకులు తినేసి వెళ్లిపోయాయి. ఏడుపు రాలేదు. అంకెలు సరిగ్గా చెప్పానా లేదా అని మాత్రం అనుకున్నాను.

ఈ నెలలో అమ్మ సంవత్సరీకం. ఈసారైనా ఎవరికీ ఏమీ వెతికి ఇవ్వకుండా అక్కడ కూర్చోవాలని ఉంది. సోంపేట వెళ్లాలంటే వైజాగ్ ఓడెక్కాలి, అందులో మూడు రోజులు సిగ్నల్ ఉండదు. సెలవడిగితే గోపినాథ్ గారు "మరి రిపోర్టో?" అన్నారు. రెండు రోజులు కూర్చుని పద్నాలుగు చోట్లా నా పేరు తీసేసి, పైన ఒకే ఒక్క గడి పెట్టాను. ఎవరు తెరిస్తే వాళ్లు తమ ఫోల్డరు పేరు అందులో రాసుకుంటే చాలు, ఫైళ్లన్నిటినీ సాఫ్ట్‌వేర్ అక్కడికెళ్లి తెచ్చుకుంటుంది. గోపినాథ్ గారు ఫైళ్లు తన ఫోల్డర్లో పెట్టుకుని, గడిలో తన పేరు కొట్టారు. బొమ్మలన్నీ వచ్చాయి.

"అరే వా. ఇంక మీరు లేకపోయినా నడుస్తుంది మేడమ్" అన్నారు, పొగడ్తగానే.

నాకది పొగడ్తలానూ అనిపించలేదు, తిట్టులానూ అనిపించలేదు. ఆటోలో ఆ మాట నా పక్కనే కూర్చుని డాలీగంజ్ దాకా వచ్చింది. ఇంటి ముందు అత్తయ్య గవరమ్మగారు పక్కింటామెతో, కోడలు లేకపోతే మా ఇల్లు ఒక్కపూట నడవదని గర్వంగా చెబుతున్నారు. ఆ గర్వంతోనే ఇన్నేళ్లూ నాచేత నీళ్లు పట్టించారు.

మర్నాడు లంచ్ టైములో ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. గ్యాస్ ఏజెన్సీ, పాప స్కూలు, అత్తయ్య బీపీ మాత్రల షాపు, కరెంటాఫీసు, పాలవాడు, కేబులతను, నీళ్లు వదిలేముందు కబురు చెప్పే భయ్యా. అందరి దగ్గరా నా నంబరే ఉంది. ఇంటికి ఒకే గడి ఉండదు కాబట్టి ఏడు ఫోన్లు పట్టింది. ఏడుగురికీ మా ఆయన నంబరిచ్చాను.

ఓడ ఎక్కే రోజు ఉదయం ఆయన ఫోన్ ఆగకుండా మోగింది. స్నానం మధ్యలో ఫోన్ పట్టుకుని బయటికొచ్చారు. తువ్వాలు, ఎలా దొరికిందో, ఒంటికి చుట్టుకునే ఉన్నారు.

"ఏటే ఇది? నీళ్ల భయ్యా, స్కూలు టీచరు, సబ్ లోగ్ నాకే చేస్తన్నారు. నువ్వొచ్చాక మళ్లీ మార్చేస్తావు కదా?"

పెట్టె జిప్పు లాగాను.

"లేదండీ. ఇంక నేను లేకపోయినా నడుస్తుంది."

ఆయన తడి తలతో గుమ్మంలో నిలబడిపోయారు. పదకొండేళ్లలో మొదటిసారి, తువ్వాలు కోసం కాకుండా నాకోసం వెతుకుతున్నట్టు చూశారు. నేను ఎదురుగానే ఉన్నాను.