ఐదో లంకలో ఒక్కరే చదువుతున్నారు

దగ్గరికి రా సుభద్రా. ఇంకా దగ్గరికి. నీ మోకాలు నా మోకాలికి తగలాలి, అప్పుడే ఈ మాట దారి తప్పకుండా నీ చెవిలో పడుతుంది.

గ్రాంటు తగ్గించారని కబురొచ్చిన రోజు నుంచి, గోదారి మధ్యనున్న మన ఐదు లంకల్లో గ్రంథాలయాలు పొట్టివైపోతున్నాయి. నేను ఊడ్చే గ్రంథాలయంలోకి పొద్దున నిలబడి వెళ్తున్నాను, మధ్యాహ్నానికి వంగి బయటికి వస్తున్నాను. పుస్తకాలు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. గోడలే మొహమాటపడి దగ్గరికి జరుగుతున్నాయి.

ఐదింటికీ కలిపి ఒక సహకార సంఘం ఉంది. దాని కార్యదర్శి అబ్బులుగారు నన్ను పిలిపిస్తారు. కుర్చీలో ఆయన నీడ కూర్చుని ఉంది. పక్కన ఆయన నిలబడి ఉన్నారు.

"పేరంటాలమ్మగారూ, వచ్చిన గ్రాంటు నాలుగు గ్రంథాలయాలకే సరిపోద్దండి. లంకలన్నీ తిరిగి ఎంతమంది చదువుతున్నారో, ఏం కావాలో అడిగి రండి. జనం తక్కువున్నది మూసేద్దాం."

"నాకు రాయడం రాదు కదండీ."

"రాయడానికి కాగితాలు కూడా లేవండి. మీరైతే మర్చిపోరు."

అది నిజం. నా పెళ్ళి భోజనాల్లో ఏ వరసలో ఎవరు కూర్చున్నారో, ఎవరికి పప్పు మారు వడ్డించలేదో ఇప్పటికీ చెప్పగలను. జవాబుకొక ముడి కొంగుకు వేసుకుందామని బయల్దేరుతాను. ముడి వేసినకొద్దీ కొంగు పెరుగుతోంది. పడవ వెనకాల నీళ్ళ మీద తేలుతూ వస్తోంది.

మొదటి లంకలో ఎనిమిదిమంది ఒక్క పేపరును షీట్లుగా విడదీసుకుని చదువుతున్నారు. పెద్దాయన తాతబ్బాయి పక్కవాడిని కసురుతున్నాడు.

"ఆ సినిమా షీటు ఇంకెంతసేపు నములుతావురా?"

"బొమ్మ నేను చూస్తున్నాను బావా. అక్షరాలు నువ్వు తీసుకో." ఆ మనిషి షీటు దులిపి అక్షరాలన్నీ తాతబ్బాయి దోసిట్లో పోస్తాడు.

రెండో లంకలో పదకొండుమంది. కిటికీ ఒక్కటే కావడంతో వెలుగును వంతులేసుకుని ఒళ్ళో పెట్టుకుంటున్నారు. మూడో లంకలో ఆరుగురు. అక్కడి గ్రంథపాలకురాలు సరోజనమ్మ తన గొంతును బీరువాలో భద్రంగా ఉంచి, చదివి వినిపించమన్నప్పుడు తీస్తుంది. నాలుగోది నేను ఊడ్చేదే, అక్కడ ఇరవైమంది.

ఐదో లంకలో గ్రంథాలయం ఇసుక మీద పోపుల డబ్బా అంత ఉంది. పక్కన కూర్చుంటాను. కూర్చోగానే లోపల ఉన్నాను.

తొమ్మిదేళ్ళ పిల్ల నేల మీద పుస్తకం పరుచుకుని, ఒక అక్షరాల వరస మీద వేలు పెట్టి ఉంది. పరికిణీ అంచున నిప్పురవ్వ పడి కాలిన చిల్లు. ఆ చిల్లు నాకు తెలుసు.

"నీ పేరేంటమ్మా?"

"నీ పేరే."

"ఎంతమంది చదువుతారిక్కడ?"

"నేనొక్కదాన్నే. సగంలో ఉన్నాను." వేలు ఎత్తకుండానే చదువుతుంది. "ఆవు ఇంటికి. తర్వాతేముందో చెప్పేవాళ్ళు లేరు."

రెండో తరగతిలో ఆ మాట దాకా వచ్చిన రోజే మా అమ్మ బడికొచ్చి, తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి నన్ను తీసుకెళ్ళిపోయింది. నా జ్ఞాపకంలో అన్నీ ఉన్నాయి. ఆ తర్వాతి మాట ఒక్కటే లేదు. ఈ డబ్బా మూసేస్తే ఈ పిల్ల వేలు ఎప్పటికీ అక్కడే.

"ఏం కావాలి నీకు?"

"వెలుగు ఉంటే చాలు. చదివే గొంతు కూడా."

సంఘం ముందు ముడులు విప్పుతాను. ఐదో ముడి దగ్గర నా నోరు 'పది' అనబోతుంది. ముడి ఒప్పుకోదు.

"ఒక్కరే," అంటాను.

అబ్బులుగారు తాళం కప్ప తీస్తారు. ఆయన నీడ తల వంచుకుంటుంది. అప్పుడు నా కొంగు కొస బరువెక్కుతుంది. నాలుగు లంకల జనం దాన్ని పట్టుకుని నీళ్ళ మీద నడిచి వస్తున్నారు, ముందు తాతబ్బాయి.

"ఏంటయ్యా అబ్బులూ, పేపరు ఒకటే, చదివేది ఎనిమిదిమంది. పేపరు చాలదని ఎవడినన్నా లేపి ఇంటికి పంపామా? షీటు షీటూ విడదీసుకున్నాం. ఇదీ అంతే."

"గ్రంథాలయాన్ని షీట్లు చేస్తారా?"

"మడతలు చూసుకుని చెయ్యాలి మరి. లేకపోతే చిరుగుద్ది."

నాలుగు గ్రంథాలయాలనూ మడతల వెంబడి జాగ్రత్తగా విడదీస్తారు. రెండో లంక కిటికీ, మూడో లంక గొంతు, ఒక బల్ల, ఒక గుమ్మం. సోమవారం ఒక లంకకి, మంగళవారం ఇంకో లంకకి. అబ్బులుగారు తాళం కప్పను నీడ చేతికిచ్చి, తన కుర్చీలో తాను కూర్చుంటారు.

మొదటి వంతు ఐదో లంకది. షీట్లన్నీ వీపున వేసుకుని ఒక తెల్లావు గోదారి ఈదుతోంది. మేం చూస్తుండగానే ఒడ్డెక్కి, ఒళ్ళు దులిపి, డబ్బా గుమ్మం ముందు నిలబడుతుంది. కిటికీలోంచి వెలుగు పుస్తకం మీద పడుతుంది. సరోజనమ్మ గొంతు పక్కన చతికిలబడి, మొదటి అక్షరం మాత్రం అందిస్తుంది.

పిల్ల ఆవును చూస్తుంది. పుస్తకం చూస్తుంది.

"వచ్చింది," అని చదువుతుంది.

వేలు కదులుతుంది. పేజీ తిప్పుతుంది. నా వీపుకు చల్లగాలి తగులుతుంది. ఆ పేజీకి అవతలి వైపున, మొదటి వరసలో, తడి సిరాతో నేనున్నాను. నా మీద పిల్ల వేలు వెచ్చగా ఉంది. తొందరపడటం లేదు. నేనూ తొందరపడను.

సుభద్రా, ఇదంతా మనసులో పెట్టుకో. ఎవరైనా సగం మాట మీద వేలు పెట్టుకుని కూర్చుని ఉంటే, పక్కన కూర్చుని ఇది చెప్పు. పైకి చెప్పమ్మా. నేనిప్పుడు అక్షరాన్ని కదా, నా అంతట నేను పలకలేను.