రెండు పిలకలు అప్పన్నవి

సింహాచలం అప్పన్న ఏడాది పొడుగునా గంధం కింద ఎందుకు దాక్కుంటాడన్న అనుమానం నాకు చాలా ఏళ్లుగా ఉంది. వైశాఖంలో ఒక్కరోజు నిజరూపం చూపిస్తాడు, మళ్లీ ముసుగేసుకుంటాడు. ఉగ్రమూర్తి కదా, చల్లదనానికి గంధం పూస్తారని పెద్దలు చెప్పారు. పదో తరగతితో చదువాపేసినవాణ్ణి, పెద్దల మాట కాదనడానికి నేనెవర్ని. కానీ చల్లదనం ఒక్కటే కారణమా అని, క్యూలో నిలబడ్డ ప్రతిసారీ లోపల ఓ మూల గీరుతూనే ఉండేది. మా ఇంట్లో ఫొటోలు మొదలయ్యాక ఆ అనుమానం ఇంకో వైపు తిరిగింది. ముఖం రోజూ చూపించాల్సి వస్తే ఏమవుతుందో ఇంట్లోనే కనబడసాగింది.

మా కోడలు రోజారమణి మంచి పిల్ల. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తరువాత చెప్పబోయేవి విని మరోలా అనుకోవద్దు. మా అబ్బాయి ఉదయ్‌కుమార్ ద్వారకా నగర్లో ఓ కోచింగ్ సెంటర్ ఆఫీసులో పని చేస్తాడు. వాళ్ల కూతురు హేమశ్రీ. మేం చిట్టి అంటాం. చిట్టి చేత ఇంట్లో బొమ్మలు చేయించి, రంగులు వేయించి, ఆ ఫొటోలు, వీడియోలు రోజారమణి ఫోన్లో ఓ పేజీలో పెడుతుంది. చిట్టి నెత్తిన ఎప్పుడూ రెండు పిలకలు ఉంటాయి కాబట్టి ఆ పేజీకి ‘రెండు పిలకలు’ అనే పేరు పెట్టింది. పైన గుర్తుగా రెండు పిలకల బొమ్మ కూడా వేసింది.

బొమ్మలు చేయించడం అన్నాను గానీ, చేసేది రోజారమణే. బెండకాయ కోసి అచ్చులు వేయడం, కందిపప్పు అతికించి చేప చేయడం, బియ్యానికి రంగులు పట్టించడం, అన్నీ ముందురోజే సిద్ధం చేసి ఫ్యాను కింద ఆరబెడుతుంది. చిట్టికి మిగిలిన పని ఆశ్చర్యపోవడం. పసిపిల్ల కదా, రంగు కనబడితే గిన్నెలో మోచేతిదాకా ముంచి ముఖమంతా పూసుకుంటుంది. అది ఫొటోకు పనికిరాని మురికి. వెంటనే స్నానాలగదిలోకి తీసుకెళ్లి సబ్బుతో కడిగి, పౌడరు రాసి, సన్న కుంచెతో ముక్కు మీద నీలం చుక్క, బుగ్గ మీద పసుపు గీత దిద్దుతారు. అది పనికొచ్చే మురికి.

ఓసారి ‘ఈ ఆదివారం ఫోన్లు పక్కన పడేసి చిట్టితో గడిపాం’ అని ఫొటో కింద రాసింది. రాసింది గురువారం. ఫోన్లు పక్కన పడేసిన సంగతి చాలామంది తమ తమ ఫోన్లలో చదివి మెచ్చుకున్నారు.

నాకూ ఇందులో ఓ ఉద్యోగం ఉంది. తెల్లటి థర్మకోల్ అట్ట పట్టుకుని కిటికీ ఎదురుగా నిలబడితే వెలుతురు దాని మీద పడి చిట్టి ముఖం మీదికి మళ్లుతుంది. పోర్టులో ఉన్నన్నాళ్లూ నేను క్రేనుకు చేత్తో సైగలు చేసేవాణ్ణి. నా వేలు ఎటు తిరిగితే టన్నుల బరువు అటు తిరిగేది. ఇప్పుడు రోజారమణి వేలు తిరుగుతుంది.

“మావయ్యా, కొంచిం ఎడం పక్కకి. ఇంకొంచిం. ఆఁ, అక్కడే. ఇంక కదలకండి.”

పక్కింటి దొరబాబుకు మా కిటికీ ఓ వినోదం.

“బావా, ఏటి సేత్తన్నావ్ ఈ మద్దేనం?”

“ఎలుతురు మోత్తన్నాను.”

“అప్పుడు సైగ సేసే సివర ఉండీవోడివి, ఇప్పుడు బరువు మోసే సివరకొచ్చావు. పని మట్టుకు అదే బావా.”

దీనికంతటికీ నాకు అభ్యంతరం లేదు. పిల్లను పదిమంది మెచ్చుకుంటే పాపమా అని నన్ను నేనే అడిగి, కాదని జవాబు చెప్పుకుంటాను. నన్ను బాధించినవి రెండే. ఒకటి తెల్ల దుప్పటి. రెండోది మొక్కు.

దుప్పటి సంగతి ఇది. మా దేవుడి అలమర హాల్లోనే గోడకు ఉంది. ఫొటోలో అది పడుతోందని రోజారమణి దాని మీద తెల్ల దుప్పటి కప్పుతుంది. మొదటిసారి మా ఆవిడ సన్యాసమ్మ చూసి వంటగదిలోంచి పరిగెత్తుకొచ్చింది.

“ఏటమ్మా, దేవుడి మీద గుడ్డ కప్పేత్తన్నావు?”

“బ్యాక్‌గ్రౌండ్ నీట్‌గా ఉండాలత్తయ్యా. మసి, కేలండరు, నూనె మరకలు, అన్నీ పడిపోతన్నాయి.”

“అంటే దేవుడు గలీజా ఏటి?”

“దేవుడు కాదత్తయ్యా, ఫ్రేము.”

ఇక మొక్కు. చిట్టి పుట్టినప్పుడు ఏడవలేదు. నీలంగా, మూట విప్పని బట్టలా ఉండిపోయింది. గాజుపెట్టెలో పెట్టారు. మేం నలుగురం అద్దం ఇవతల నిలబడ్డాం. అప్పన్నా, నా మనవరాలు ఒక్కసారి ఏడిస్తే చాలు, పుట్టు వెంట్రుకలు నీకే ఇస్తాను అని నేను పైకే అన్నాను. రోజారమణి చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. రెండు చేతులూ జోడించి “ఇచ్చేద్దాం మావయ్యా” అంది. తెల్లవారుతుండగా పిల్ల ఏడ్చింది.

మాలో పుట్టు వెంట్రుకలు బేసి ఏట తీయిస్తారు. ఏడాది లోపు తీయిద్దామంటే, మొదటి పుట్టినరోజు ఫొటోలు అయ్యాక అన్నారు. ఫొటోలు అయ్యేసరికి రెండో ఏడు వచ్చేసింది. మూడో ఏట ఎవరో బట్టల కొట్టువాళ్లు గౌన్లు పంపించారు, గౌను మీదికి గుండు బాగుండదన్నారు. నాలుగు సరిసంఖ్య. ఇప్పుడు ఐదో ఏడు, అదీ చివరికొచ్చింది. ఐదు నిండితే బడి. బడికి వెళ్లే ఆడపిల్లకు గుండెవరు చేయిస్తారు. మేడ ఎక్కితే సింహాచలం కొండ కనబడుతుంది. బట్టలు ఆరేయడానికి వెళ్లినా నేను ఆ కొండ వైపు వీపు పెట్టి ఆరేసేవాణ్ణి.

“ఎల్లొద్దాం అమ్మా, బస్సెక్కితే అరగంట” అనేవాణ్ణి.

“ఈ ఒక్క షూట్ అయిపోనీండి మావయ్యా. పిలకలు లేకపోతే పేజీ ఏటుంది?”

“ఆ పిలకలు నీయి కాదు, నావి కాదు. అప్పన్నవి” అనేది మా ఆవిడ, ప్రతిసారీ, చిట్టి వింటుండగానే.

ఆ ఒక్క షూట్ చివరికి వచ్చింది. పిల్లల రంగులూ మట్టీ అమ్మే కంపెనీ ఒకటి, పేరెందుకు, చిట్టిని ఎంచుకుంది. వాళ్లు అడిగింది ఒకటే. పిల్ల తన సొంత ఊహతో, ఎవరూ చెప్పకుండా, మట్టితో ఏదైనా చేయాలి. వీడియో నచ్చితే ఏడాదంతా తమ డబ్బాల మీద రెండు పిలకల బొమ్మే వేస్తామన్నారు. రోజారమణి రెండు రోజులు కూర్చుని చిట్టి సొంత ఊహను తయారు చేసింది. అది ఏనుగు.

ఆదివారం మధ్యాహ్నం వెలుతురు బాగుందన్నారు. దేవుడి మీద దుప్పటి పడింది. ఆరిన ఏనుగు బల్ల మీదికి వచ్చింది, పక్కన ఓ పచ్చి మట్టిముద్ద. పిల్లల కత్తెర మొద్దుది, కాగితం చింపుతుందే గానీ కోయదు. అది చిట్టి చేతికిచ్చి, అసలు కోతకు బట్టలు కుట్టే కత్తెర పక్కన ఉంచుకున్నారు. నేను అట్ట పట్టుకుని నిలబడ్డాను.

“చిట్టీ, ఇప్పుడు ఆలోచిస్తన్నట్టు పైకి చూడు. ఇంకోసారి. వేలు బుగ్గ మీద పెట్టు. ఇంకోసారి.”

ఇంతలో ఫోను ఆగిపోయింది. నిండిపోయిందట, ఇంక పట్టదట.

“పాతవి కొన్ని తీసేద్దాం” అన్నాడు ఉదయ్.

“కొన్నే. మావయ్యా, మీరు మాత్రం కదలకండి. వెలుతురు దొరికింది, మళ్లీ దొరకదు.”

ఇద్దరూ సోఫాలో కూర్చున్నారు. అట్ట నా ముఖానికి అడ్డంగా ఉంది కాబట్టి నాకు తెల్లదనం తప్ప ఏమీ కనబడదు. మాటలు మాత్రం వినబడుతున్నాయి.

“ఈ బెండకాయ ఫొటోలు ఎన్నున్నాయే బాబూ. ఒకటుంచి తీసెయ్యి.”

“ఒకేలాగున్నాయేటి? దీన్లో కళ్లు సూడు.”

“కళ్లు మూసుకుందిగా.”

“అదే అందం.”

ఒక్క ఫొటో తీసేయడానికి మొగుడూ పెళ్లాలు అంతసేపు బాధపడడం నేనెక్కడా చూడలేదు. పాపం, ప్రతిదీ కూతురి ముఖమే కదా. చేతులు పీకుతున్నా నేను కదల్లేదు. మా ఆవిడ వంటగదిలో ఉంది. ఆ పూట ఇంట్లో చిట్టిని చూస్తున్నవాళ్లు ఎవరూ లేరు. పిల్లకు ఊహ తెలిశాక బహుశా అదే మొదటిసారి.

“చిట్టేదండీ?” మా ఆవిడ గొంతు వినబడి అట్ట దించాను.

బల్ల మీద ఏనుగు ఉంది. మట్టిముద్ద లేదు, కత్తెర లేదు. దేవుడి అలమర దగ్గర దుప్పటి కింద ఏదో కదులుతోంది. ఎత్తి చూశాను. చిట్టి బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. ఎదురుగా మట్టిముద్ద నిలబెట్టి ఉంది. దానికి కళ్లు లేవు, ముక్కు లేదు. మా ఆవిడ పొద్దున తీసిన గంధం గిన్నె మొత్తం దానికి పూసేసింది. ముద్ద ముందు, రబ్బరుబ్యాండ్లతో సహా, రెండు పిలకలు పక్కపక్కన పడుకోబెట్టి ఉన్నాయి. బట్టల కత్తెర ఒళ్లో ఉంది. ఎక్కడైనా తెగిందేమోనని ముందు చెవులు తడిమాను. ఏమీ కాలేదు. మోచేతులదాకా గంధం, ముఖమంతా మట్టి.

“అప్పన్నకి ఇచ్చీసేను తాతా. మామ్మ ఆయనయే అంది కదా. ఇంక దుప్పటి తీసెయ్యొచ్చా?”

మా ఆవిడ కత్తెర తీసుకుని కొంగులో చుట్టేసింది. ఉదయ్ గోడకానుకున్నాడు. రోజారమణి మాత్రం చాలాసేపు చూసింది. నెమ్మదిగా ఫోను ఎత్తింది.

“ఇదే కదా వాళ్లు అడిగింది” అంది. “సొంతంగా. ఎవరూ చెప్పకుండా.”

“అవును” అన్నాను.

“చిట్టీ, బంగారం, ఒక్కసారి. మొదటినుంచి. అమ్మ చూళ్లేదు కదా.” ఏనుగును పక్కకు జరిపింది, దుప్పటి సర్దింది. పిలకలు రెండూ తీసి చిట్టి నెత్తి మీద పిన్నులతో నిలబెట్టబోయింది. “కత్తిరించినట్టు చెయ్యమ్మా, చాలు. మావయ్యా, అట్ట.”

నేను అట్ట ఎత్తలేదు. ఆ ఇంట్లో నేను మాట వినకపోవడం అదే మొదలు.

చిట్టి ఎప్పుడూ ‘ఇంకోసారి’ అంటే ఇంకోసారి చేసే పిల్ల. ఆ రోజు తల వెనక్కి లాక్కుంది.

“ఇచ్చీసినవి మళ్లీ తీసుకుంటారేటి? నీకు తెల్దా?”

రోజారమణి చేతిలో పిలకలు రెండూ అలాగే ఉండిపోయాయి. పిల్ల తలకేసి చూసింది. ఒక పక్క కుచ్చు, ఒక పక్క కోసిన వరిదుబ్బు. తరువాత ఆ పిలకలను తీసుకెళ్లి మట్టిముద్ద ముందు, ఉన్నచోటే పెట్టింది. దుప్పటి తనే లాగేసింది.

“రేపెల్దాం మావయ్యా” అంది. “గాజుపెట్టె దగ్గర నానూ అన్నాను కదా, ఇచ్చేద్దామని” అంది.

కంపెనీవాళ్లకు ఫోన్ చేసి చెప్పింది. వాళ్లు ఎంతో ప్రేమగా, జుట్టు మళ్లీ ఎప్పటికి పెరుగుతుందని అడిగారట. ఈలోగా పిలకలున్న పిల్ల ఇంకెవరైనా తెలుసా అని కూడా.

పొద్దున్నే కొండ మీదికి వెళ్లాం. పిలకలు రెండూ మా ఆవిడ పసుపు గుడ్డలో కట్టి తెచ్చింది. మంగలి చిట్టి తల తడిపి ఉదయ్ ఒళ్లో కూర్చోమన్నాడు. రోజారమణికి చెయ్యి ఊరుకోలేదు, ఫోను తీసింది. చూసింది, మళ్లీ సంచిలో పడేసింది. అది ఇంకా నిండే ఉంది. బెండకాయల ముందు కళ్లు మూసుకున్నవాటిలో ఒక్కటీ తీసేయలేకపోయారు.

కత్తి తల మీద పెట్టగానే చిట్టి నా వైపు చూసింది.

“తాతా, నవ్వాలా?”

“అక్కర్లేదమ్మా. నీకు ఎలాగొస్తే అలాగ” అన్నాను.

“నిజంగానా?” అని వాళ్లమ్మ వైపు చూసింది. రోజారమణి తలూపింది.

అప్పుడు ఏడ్చింది చూడండి. నోరంతా తెరిచి, ముక్కు కారుతూ, నాలుగు వరసల అవతల కూర్చున్నవాళ్లు తిరిగి చూసేలా ఏడ్చింది. ఫొటోకు ఏ కోశానా పనికిరాని ఏడుపు. మంగలి కంగారుపడి ఆపబోతే “పర్లేదు బాబూ, కానీ” అన్నాను.

గుండు అయ్యాక స్నానం చేయించి తలంతా గంధం పూశాం. ఏడుపు ఆగిపోయి చల్లగా ఉందంది. మా ఆవిడ పసుపు గుడ్డ విప్పింది. చిట్టి తన చేత్తోనే పిలకలు రెండూ, అప్పుడే తీసిన తడి జుట్టుతో కలిపి, అప్పన్నకు చేరవలసిన చోట వేసేసింది.