మోటారు లేని మిద్దెతోట

కూరగాయలు కడిగిన నీళ్లు, బట్టలు జాడించిన నీళ్లు మా ఇంట్లో పారబోయకూడదు. బకెట్లోకి పట్టి, ఇరవై రెండు మెట్లెక్కి, మిద్దె మీది మొక్కలకు పోయాలి. రోజుకు పద్నాలుగు బకెట్లు. నీళ్లూ కరెంటూ తక్కువ వాడే ఇళ్లకు మునిసిపాలిటీ వాళ్లు మార్కులు వేసి, పన్ను తగ్గించి, గుమ్మానికి "పచ్చని ఇల్లు" అని రేకు కొడతారు. మంచి పనే, కాదనను. చిన్న మోటారు పెట్టించమని మా ఆయన్ని అడిగాను. "మోటారు పెడితే మార్కులు తగ్గుతాయే పిచ్చిదానా" అన్నారు. చుట్టాలొస్తే నన్ను చూపించి, "ఇదిగో మా మోటారు. పూటకింత తిండి పడేస్తే చాలు, నడుస్తుంది" అనేవారు. అందరూ నవ్వేవారు. ఏం చెప్పను, ఆరేళ్లు నేనూ నవ్వాను.

మోకాళ్లు పోయాక బకెట్ కోడలి చేతికి వెళ్లింది. వెళ్లింది అంటున్నాను గాని, ఇచ్చింది నేనే. ఐదో నెల ఆ పిల్లకి. "మెట్లెక్కితే కాన్పు తేలికవుతుంది" అని మా ఆయన అంటే ఊఁ కొట్టిందీ నేనే. వాన తడికి పదో మెట్టు మీద జారింది. బిడ్డ దక్కలేదు. ఆస్పత్రి నుంచి వచ్చిన నాడు మా అబ్బాయి పెళ్లాంతో అన్న మొదటి మాట, "చూసుకుని నడవొద్దూ?" ఆ పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. మూడు వారాలైనా తిరక్కుండానే మా ఆయన, "మొక్కలు ఎండిపోతున్నాయి. తనిఖీకి వస్తారు" అన్నారు, గోడతో చెప్పినట్టు. కోడలు లేచి, జుట్టు ముడేసుకుని, బకెట్ అందుకుంది.

నిన్న మునిసిపాలిటీ అమ్మాయి వచ్చి తోటంతా చూసింది.

"బాగుంది తాతగారూ. నీళ్లు పైకెలా వస్తున్నాయి?"

"చేత్తోనేనమ్మా. ఒక్క యూనిట్ కాలదు!"

"అయితే పూర్తి మార్కులండీ."

ఎవరి చెయ్యి అని ఆ కాగితంలో లేనట్టుంది, అడగలేదు. ఇంటి ఓనరు సంతకం కావాలంది. ఇల్లు నా పేరున ఉంది. ఆడవాళ్ల పేరైతే రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గుతుందని అలా రాయించారు. ఇన్నాళ్లూ ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాను.

"ఇక్కడ పెట్టవే" అని మా ఆయన ఆ అమ్మాయి పెన్ను తీసుకుని నా చేతికిచ్చారు. కోడలు మెట్ల దగ్గర నిలబడి నన్నే చూస్తోంది.

పెన్ను మూత పెట్టి ఆ అమ్మాయికి తిరిగిచ్చాను.

"ఈ మెట్ల మీద మేం ఒక బిడ్డను చంపుకున్నాం తల్లీ. దానికెన్ని మార్కులు తీసేయాలో నీ కాగితంలో చోటుంటే రాసుకో. సంతకం మాత్రం నేను పెట్టను."