పడిన కాయ

మా వదిన నలభై ఆరేళ్ల వయసులో మళ్లీ చదువు మొదలుపెట్టింది. వదిన అంటే మా ఆయన రవికిరణ్‌కి అక్క, సౌభాగ్యలక్ష్మి. నూజివీడులో ఒక ప్రైవేటు స్కూల్లో పంతొమ్మిదేళ్లు ఇంగ్లీషు చెప్పింది. పోయిన ఏడాది ఆ స్కూలు మూసేశారు. అన్నయ్యగారు పోయి ఆరేళ్లయింది, కూతురు అనఘ చెన్నైలో ఉద్యోగంలో కుదురుకుంది. ఇంకో స్కూల్లో చేరమని అందరం అన్నాం. ఆవిడ మాత్రం వియత్నాం వెళ్లి అక్కడి పిల్లలకి ఇంగ్లీషు చెప్తానంది. దానికి ఆన్‌లైన్‌లో నాలుగు నెలల ట్రైనింగు. సర్టిఫికెట్టు చేతికొస్తే జూలైలో చేర్చుకుంటామని హనోయిలో ఒక స్కూలు వాళ్లు ఒప్పుకున్నారు కూడా.

మా అత్తగారు నాగేంద్రమ్మకి ఇదంతా మింగుడు పడలేదు.

"పంతొమ్మిదేళ్లు చెప్పినదానివి, నీకు చెప్పడం నేర్పేవాళ్లెవరే?" అంది.

"నేనూ అదే అనుకుని చేరానమ్మా. మొదటి వారమే నా నోరు మూయించారు" అని వదిన నవ్వింది.

అది నిజమే. వదిన బ్యాచ్‌లో మిగతా వాళ్లంతా పాతికేళ్ల లోపు పిల్లలు. ఈవిడని ఆంటీ అనేవాళ్లు. వాళ్లకి రాని చిక్కు వదినకి వచ్చింది. వదినకి పాఠం చెప్పడం బాగా వచ్చు. బోర్డు ముందు నిలబడితే ఆగేది కాదు. ట్రైనర్ మేడమ్ బెంగుళూరు నుంచి వీడియోలో చూస్తూ గడియారం పెట్టుకుని లెక్కవేసేది. నలభై నిమిషాల్లో ముప్పై మూడు నిమిషాలు మీరే మాట్లాడారు, నేర్చుకునే మనిషి ఎప్పుడు మాట్లాడాలి అని అడిగిందట. ఇంకోటి, "అర్థమైందా?" అని అడగొద్దంది. ఆ మాట అడిగితే మీ ఊళ్లో ఎవరైనా కాలేదని అంటారా అందట.

కోర్సు చివర్లో మేడమ్ చూస్తుండగా నిజంగా నేర్చుకోవాల్సిన మనిషికి ఒక పాఠం చెప్పాలి. అందులో నెగ్గితేనే సర్టిఫికెట్టు. వదిన నన్ను ఎంచుకుంది.

"మా ప్రవల్లిక ఉందిగా, ఇంటర్ మధ్యలో ఆపేసింది, సరిపోతుంది" అని ఫోన్లో మేడమ్‌తో చెప్తుంటే విన్నాను. ఆవిడ మనసులో ఏమీ లేదు. నాకే గుచ్చుకుంది.

మైలవరంలో ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా మా అమ్మ మంచానపడింది. వంటకీ మందులకీ నేను ఇంట్లో ఉండిపోయాను. అమ్మ లేచి తిరిగేసరికి నాకు సంబంధం చూశారు. అప్పటినుంచీ ఎవరైనా ఇంగ్లీషు ముక్క అంటే తల ఊపేయడం అలవాటైపోయింది. మా పాప భావన యూకేజీ. దాని డైరీలో శ్వేత టీచరు రోజూ ఏదో ఒకటి రాస్తుంది. అక్షరాలు కూడబలుక్కుంటాను గానీ సగం మాటలు తెలియవు. ఊహించుకుని సంతకం పెట్టేస్తాను. ఒకసారి అందరూ పచ్చ రంగు బట్టల్లో వస్తే, మా పిల్ల ఒక్కతీ యూనిఫాంలో వెళ్లింది. సాయంత్రం వచ్చి ఏడవలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

పాఠం మంగళవారం. ఆదివారం వదిన మా ఇంటికొచ్చి ఫైలు టీవీ పక్కన పెట్టి, అత్తగారితో మాట్లాడుతూ పెరట్లోకి వెళ్లింది. తెరిచి చూశాను. అడగబోయే ప్రశ్నలు, ఎదురుగా నేను చెప్పాల్సిన జవాబులు, అన్నీ వరసగా ఉన్నాయి. ఐదు పేజీలూ ఫోన్‌లో ఫోటోలు తీసుకున్నాను.

ఆ రెండు రోజులూ అన్నం వారుస్తూ, పాపకి జడ వేస్తూ బట్టీ పట్టాను. నా వల్ల ఆడపడుచు పరీక్ష పోయిందన్న మాట ఇంట్లో ఒకసారి పుడితే, ఇక నేను బతికున్నంతకాలం చావదు. వదిన అనకపోయినా పెళ్లిళ్లలో ఎవరో ఒకరు అంటారు. నేను ఆవిడకి మేలే చేస్తున్నాననుకున్నాను.

మంగళవారం నూజివీడులో వదిన ఇంట్లో కూర్చున్నాం. లాప్‌టాప్‌లో మేడమ్ తెల్లజుట్టు, కళ్లజోడు. రోజూ ఏ పని ఎప్పుడు చేస్తామన్నది పాఠం. మొదటి రెండు జవాబులూ గడగడా చెప్పేశాను. వదిన మొహం వెలిగింది. అయితే టైము చాలదనుకుందో ఏమో, మూడో ప్రశ్న వదిలేసి నాలుగోదానికి వెళ్లింది. మీ పాప స్కూలుకి ఎన్నింటికి వెళ్తుంది అని అడిగింది. నేను బట్టీ పట్టిన వరసలో మూడో జవాబు, "ఐ కుక్ రైస్ అండ్ దాల్" అన్నాను. వదిన తెల్లబోయి మళ్లీ అడిగింది. నేను మళ్లీ అదే జవాబు చెప్పాను. తెర మీద మేడమ్ కళ్లజోడు తీసి ఏదో రాసుకుంది.

సాయంత్రం మెయిల్ వచ్చింది. వదిన నాకు ఫోన్ చేసి తెలుగులో చదివి వినిపించింది. జవాబులు ముందే నేర్పించి కూర్చోబెట్టినట్టు కనిపిస్తోందట. శుక్రవారంలోగా సంజాయిషీ ఇవ్వాలట, లేకపోతే కోర్సు నుంచి తీసేస్తారట.

"పంతొమ్మిదేళ్లలో ఒక్క పిల్లని పక్క పేపర్లోకి తొంగిచూడనివ్వలేదే నేను" అంది వదిన. గొంతు మామూలుగానే ఉంది. తర్వాత, "నువ్వు కంగారుపడ్డావులే, నీ తప్పేముంది" అంది. ఆవిడ తిట్టినా అంత కష్టంగా ఉండేది కాదు. అప్పుడే చెప్పాల్సింది. పాపకి జ్వరంగా ఉందని ఫోన్ పెట్టేశాను. పాపకి జ్వరమేం లేదు.

బుధవారం గడిచింది. గురువారం ఆగిరిపల్లి దగ్గర మా మామిడి తోటలో మొదటి కోత. కోతప్పుడు కాయలు ఏరి సర్దడం నా పని. సాంబయ్య మా కోత మేస్త్రి. పొడుగు గడ చివర వలసంచి కట్టిన చిక్కంతో, కాయని ముచ్చికతో, అంటే తొడిమతో సహా తుంచి దించుతాడు. ముప్పై ఏళ్ల చెయ్యి. అయినా ఆ పొద్దున ఒక రసం కాయ చిక్కం అంచు తగిలి నేల మీద పడింది.

"పడిందమ్మా. ఇది పక్కనెట్టండి" అని అక్కణ్నుంచే కేకేశాడు.

మా తోటల్లో అది కట్టుబాటు. కాయ పడితే పడేసినవాళ్లే పైకి చెప్పాలి. చెప్పినందుకు ఎవరూ ఏమీ అనరు, ఆ కాయ వేరే కుప్పలోకి వెళ్తుంది. పడిన కాయ ఆ రోజుకి మంచి కాయలాగే ఉంటుంది. మూడో రోజుకి మాగబెట్టిన గడ్డిలో నల్లబడి చుట్టూ ఉన్నవాటిని కూడా పాడుచేస్తుంది. ఇవన్నీ నాకు పెళ్లయిన ఏడే తెలిశాయి. ఆ రోజెందుకో కాయ చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఎక్కడా గీతైనా లేదు.

"చెప్పకపోతే ఎవరికి తెలిసేది బాబాయ్?" అన్నాను.

"ఇయ్యాల తెలీదమ్మా. రేపు పెట్టె విప్పినోడికి తెలుస్తుందిగా. అప్పుడు పడేసింది ఎవరో తెలీక అందర్నీ తిడతారు" అన్నాడు సాంబయ్య, ఇంకో కొమ్మకేసి చూస్తూ.

మధ్యాహ్నం స్కూటీ మీద నూజివీడు వెళ్లాను. వదిన లాప్‌టాప్ ముందు సంజాయిషీ రాస్తూ ఉంది. నిలబడే చెప్పాను. ఫోన్‌లో ఫోటోలు కూడా చూపించాను. ఆవిడ ఐదు పేజీలూ ఒక్కొక్కటే జరిపి చూసింది.

"ఎందుకు తీశావు?"

"మీరు ఫెయిలవుతారేమోనని."

"నేను ఫెయిలవుతానని నీకెందుకనిపించింది?"

"ఎదురుగా కూర్చునేది నేను గదా వదినా."

వదిన లేచి లోపలికి వెళ్లి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కోపమో ఏడుపో నాకు తెలియలేదు.

"నాతో చెప్తే చాలదు. ఆవిడతో చెప్పాలి. నేను రాస్తే నిన్ను అడ్డం పెట్టుకున్నాననుకుంటుంది. నువ్వే చెప్పు. ఒక్క ముక్క కూడా నేను అందించను. అందించానంటే మళ్లీ అదే తప్పవుతుంది" అంది.

శుక్రవారం పొద్దున వీడియోలో మేడమ్ ముందు కూర్చున్నాను. వదిన కెమెరాలో కనపడేలా, నాకు దూరంగా, గోడవార కుర్చీలో కూర్చుంది. పదేళ్లుగా లోపల దాచుకున్న ఇంగ్లీషంతా వెతికితే గుప్పెడు మాటలు దొరికాయి.

"మేడమ్, ఐ టేక్ పేపర్. ఐ సీ ఆన్సర్. వదిన డోంట్ నో. మై మిస్టేక్."

మేడమ్ ఏదో అడిగింది. నాకు ఒక్క మాటా అందలేదు. తల ఊపబోయాను. మెడ సగం కదిలింది కూడా. ఆపుకున్నాను.

"నో అండర్‌స్టాండ్, మేడమ్" అన్నాను.

ఆవిడ ముందుకు జరిగి, నెమ్మదిగా, చిన్న చిన్న మాటల్లో మళ్లీ అడిగింది. ఎందుకు చేశావు అని.

"ఐ ఫియర్" అన్నాను.

ఆవిడ వదినతో చాలాసేపు మాట్లాడింది. కాల్ అయ్యాక వదిన చెప్పింది. సోమవారం ఇంకొక్క అవకాశం ఇచ్చిందట. కావాలంటే నేర్చుకునే మనిషిని మార్చుకోవచ్చందట.

"మంచిదేగా వదినా. ఇంకెవరినైనా చూడండి" అన్నాను.

"ఈ అమ్మాయే కావాలన్నాను" అంది వదిన, చార్జర్ వైరు చుట్టుకుంటూ.

ఆ రెండు రోజులూ నేను ఆవిడ గుమ్మం తొక్కలేదు. సోమవారం వెళ్లేసరికి బల్ల మీద ఫైలు లేదు. పళ్లెంలో రెండు మామిడికాయలు, ముచ్చికతో ఒకటి, పడినది ఒకటి. కోత ఎలా కోస్తారో వదినకి నేను ఇంగ్లీషులో చెప్పాలి, అదీ పాఠం. నాకు పని తెలుసు, మాటలే తెలియవు.

"మాట దొరక్కపోతే సాంబయ్యలాగా పడిందను. ఊరికే తల మాత్రం ఊపకు" అంది, కాల్ కలిపే ముందు.

మొదటి వాక్యానికే ఆగిపోయాను. వదిన ఎదురుచూసింది. పంతొమ్మిదేళ్లలో క్లాసులో అంత నిశ్శబ్దాన్ని ఆవిడ ఎప్పుడూ ఊరుకోలేదనుకుంటాను. బల్ల కింద రెండు చేతులూ ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకుని ఉంది.

"పడింది" అన్నాను.

వదిన ముచ్చిక మీద వేలు పెట్టి ఒకే ఒక్క మాట ఇచ్చింది. మళ్లీ ఆగింది. నేను ఆ మాట పెట్టుకుని వాక్యం పూర్తిచేశాను. అది తప్పని నాకే తెలుస్తోంది. ఆవిడ దిద్దలేదు, మళ్లీ చెప్పమన్నట్టు చూసింది. రెండోసారి కొంచెం తక్కువ తప్పు వచ్చింది. అలా పదకొండుసార్లు పడింది. చివర్లో మేడమ్, ఆ అమ్మాయి మాటిమాటికీ అంటున్న మాటేమిటని అడిగింది. వదిన చెప్పబోయి, నోరు మూసుకుని, నావైపు చెయ్యి చూపించింది.

"మ్యాంగో ఫాల్, వి సే. నో హైడ్" అన్నాను.

గురువారం ఫలితం వచ్చింది. వదిన పాసైంది. గొప్ప గ్రేడేమీ కాదు. ఇంకా తక్కువ మాట్లాడాలని మేడమ్ రాసిందట. మా అత్తగారు విని, "నూటికి ఎన్నే?" అని అడిగి, నూటికి ఉండదంటే నమ్మలేదు. ఆ తర్వాత వియత్నాంలో కందిపప్పు దొరుకుతుందో లేదో కనుక్కోమని మా ఆయన వెంటపడింది.

ఆ సాయంత్రం భావన డైరీ తీశాను. శ్వేత టీచరు రెండు లైన్లు రాసింది. చదివాను. తెలియని మాటలు మూడు. వాటి కింద పెన్సిలుతో గీత గీశాను. సంతకం పెట్టలేదు.

మర్నాడు స్కూలు గేటు దగ్గర టీచరు ముందు డైరీ తెరిచి పట్టుకున్నాను. నా వెనకాల నలుగురైదుగురు తల్లులున్నారు. పాప నా కొంగు పట్టుకుని పైకి చూస్తోంది.

"ఈ మూడు మాటలు నాకు తెలియలేదండీ" అన్నాను.

ఆమె గబగబా చెప్పింది. నాకు అందలేదు. ఇంకోసారి నెమ్మదిగా చెప్పమన్నాను. ఆమె వేలు పెట్టి మొదటి మాట చూపిస్తుంటే, నా వెనకాలున్నావిడ మా ఇద్దరి మధ్యకీ తల వంచింది.

"కొంచెం ఇటు తిప్పండి టీచర్‌గారూ" అంది. "నాకూ తెలియలేదు."